మాట నేర్పేవాళ్ళకి మాట్లాడటం ఎవరు నేర్పుతారు?

ఈ మధ్య మన ఐటీ జనాల్లో ఒక జబ్బు బాగా ముదిరింది. ఎక్కడైనా మనుషుల కొరత ఉందని తెలిస్తే చాలు, "దానికో యాప్ చేసేద్దాం బాసూ" అంటారు. మొన్నామధ్య మా ఆఫీసు హ్యాకథాన్‌లో ఒక టీము స్పీచ్ థెరపీ యాప్ చేసింది. తెర మీద బొమ్మ వస్తుంది, పిల్లాడు దాని పేరు చెప్పాలి, సరిగ్గా చెప్తే చిలక చప్పట్లు కొడుతుంది. బహుమతి కూడా వచ్చింది. చిలక బావుంది, దాంతో నాకేం పేచీ లేదు. నా పేచీ అంతా వాళ్ళ ప్రెజెంటేషన్‌లో ఒక స్లైడుతో. "థెరపిస్టు చేసే పని దాదాపు ఇదే" అని రాశారు అందులో.

ఇదే మాట ఇంకో రూపంలో ఆ కోర్సు చెప్పే ఒక పెద్దాయన నోట కూడా విన్నాను. "మేం పిల్లలకి టెక్నిక్ నేర్పిస్తామండీ. మాట్లాడటం ఎవరైనా మాట్లాడతారు కదా!" అన్నాడాయన. చూడబోతే యాప్ కుర్రాళ్ళు, ఆ పెద్దాయన ఎదురెదురు పార్టీలవాళ్ళలా ఉంటారు. కానీ ఇద్దరి నమ్మకం ఒకటే: అసలు పని టెక్నిక్, మాటామంతీ పైపై మెరుగు. ఈ టపా ఆ నమ్మకం మీద దండయాత్ర. కాస్త పెద్దది, కాఫీ కలుపుకుని వచ్చి కూర్చోండి.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో చూద్దాం. స్పీచ్ థెరపిస్టు అనగానే మనకి నత్తి గుర్తొస్తుంది, నత్తి అనగానే మన సినిమాల్లో కామెడీ ట్రాకు గుర్తొస్తుంది (ఆ దరిద్రాన్ని ఇంకోసారి తీరిగ్గా తిట్టుకుందాం). వాళ్ళ పని నత్తితో అయిపోదు. మూడేళ్ళొచ్చినా మాట రాని పిల్లలు, చెవుడుతో పుట్టినవాళ్ళు, ఆటిజం ఉన్నవాళ్ళు, గ్రహణం మొర్రికీ అంగిలి చీలికకీ ఆపరేషన్ అయ్యాక కూడా మాట ముక్కులోంచి వచ్చేవాళ్ళు, క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసినవాళ్ళు, పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళు, గుటక మింగలేనివాళ్ళు, అందరూ వచ్చేది వీళ్ళ దగ్గరికే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో మాటకి సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్ళు దాదాపు 20 లక్షలు, వినికిడి వైకల్యం ఉన్నవాళ్ళు 50 లక్షల పైచిలుకు.

ఇంటర్ తర్వాత బీఏఎస్ఎల్‌పీ అనే డిగ్రీ ఉంది, చివర్లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. మైసూరులో 1965లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. ముంబైలో 1983లో పెట్టిన ఇంకో సంస్థకి మన హైదరాబాదీ, ఒకప్పటి ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అలీ యావర్ జంగ్ పేరే పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. 1992 నాటి చట్టంతో ఏర్పడ్డ పునరావాస మండలి ఈ వృత్తికి రిజిస్ట్రేషన్ ఇస్తుంది. అంటే ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన వ్యవహారం కాదు. అయినా చట్టానికి మాట గుర్తు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, మాట వాటిలో లేదు. 2016 చట్టం ఆ ఏడుని 21 చేసినప్పుడుగానీ పక్షవాతంతో మాట పోయిన మనిషి చట్టం దృష్టిలో కనబడలేదు.

ఇప్పుడు అసలు విషయం. థెరప్యూటిక్ కమ్యూనికేషన్ అని పుస్తకాల్లో దీనికో గంభీరమైన పేరుంది. విడమర్చి చెప్తే ఇంతే: ఎదుటి మనిషికి మేలు జరిగేలా మాట్లాడటం, అంతకన్నా ముఖ్యంగా వినడం. ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం నోరు మూసుకుని ఆగడం. మనిషిని ఏ పిలుపుతో పిలవాలో తెలుసుకోవడం. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ఎలా చెప్పాలో, చెప్పాక ఎంతసేపు కూర్చోవాలో తెలియడం. ఏడుస్తున్న తల్లి ముందు గబగబా హోమ్‌వర్క్ షీటు తియ్యకపోవడం. మిగతా వైద్య వృత్తుల్లో ఇవి పనిని సులువు చేసే సంగతులు. ఈ వృత్తిలో పనే ఇది. సర్జన్ ముభావంగా ఉన్నా కత్తి తెగుతుంది. స్పీచ్ థెరపిస్టు చేతిలో కత్తి లేదు, ఉన్న పనిముట్టు మాట ఒక్కటే.

ఒక ఉదాహరణ చెప్తాను. మా పెదనాన్న ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో తెలుగు పండితుడు. 2018లో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, దాంతోపాటు మాట కూడా. దీన్ని అఫేసియా అంటారు. మామూలుగా మెదడు ఎడమ భాగంలో దెబ్బ తగిలితే వస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి ఎంతో కొంత ఉంటుంది. ఇందులో ఘోరం ఏంటంటే తెలివి ఉంటుంది, ఆలోచన ఉంటుంది, చెప్పాలనుకున్న సంగతి లోపల తిరుగుతుంటుంది, దానికి మాట అందదు. బయటనుంచి చూసేవాళ్ళు మతి పోయిందనుకుంటారు.

ఆసుపత్రిలో (పేరెందుకు లెండి) మూడో రోజున ఒక విద్యార్థిని వచ్చింది. మర్యాదస్తురాలే, ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి కాదు ఇది రాస్తోంది. చేతిలో లామినేషన్ చేసిన కార్డులున్నాయి. ఒక కార్డు చూపించి, బాగా గట్టిగా, "తాతా! ఇదేంటీ? ఇ-దేం-టీ?" అంది. యాపిల్ పండు బొమ్మ. తర్వాత బస్సు. తర్వాత పెన్ను. ఊరు ఊరంతా "మాస్టారూ" అని పిలిచే మనిషిని, వేలమందికి అక్షరాలు దిద్దించిన మనిషిని, పెన్ను బొమ్మ చూపించి ఇదేంటి అని అడిగితే ఏం చేస్తాడు? గోడవైపు తిరిగి పడుకున్నాడు. కేసు షీట్లో "సహకరించడం లేదు" అని రాశారు. ఆ ఒక్క ముక్క తర్వాత వచ్చిన ప్రతి డాక్టరూ చదివాడు.

ఇందులో టెక్నిక్ తప్పేమీ లేదు గమనించండి. బొమ్మ చూపించి పేరు అడగడం పుస్తకంలో ఉన్న పరీక్షే. నేర్పనిది ఏంటంటే, జవాబు మనకి ముందే తెలిసిన ప్రశ్న అడిగితే ఎదుటివాడు దాన్ని పరీక్ష అనుకుంటాడు, జవాబు నిజంగా కావాలని అడిగితే కబురు అనుకుంటాడు అని. చెవుడు లేని మనిషితో గట్టిగా అరవకూడదని. "తాతా" అనే పిలుపు ప్రేమగానూ ఉండొచ్చు, మనిషిని ఒక్కసారిగా ముసలితనంలోకి తోసేసినట్టూ ఉండొచ్చు, ఏది ఎప్పుడో తెలుసుకోవాలంటే ముందు వాళ్ళావిడని ఒక్క మాట అడగాలని.

ఆయన్ని ఇంటికి తెచ్చేశాక, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మా ఊరికి ఇంకో విద్యార్థిని వచ్చింది. కేరళ అమ్మాయి. తెలుగు అంతంతమాత్రం. మా అన్నయ్య "ఈవిడేం చేస్తుందిరా బాబూ" అని తల పట్టుకున్నాడు. మొదటి రెండుసార్లు ఆ అమ్మాయి కార్డులే తియ్యలేదు. అరుగు మీద కూర్చుంది, మా పెద్దమ్మతో మాట్లాడింది, బడి ఫోటోలు చూసింది. మూడోసారి ఒక పలక తెచ్చి, "మాస్టారూ, నాకు తెలుగు రాయడం సరిగ్గా రాదు, చూడండి" అని ఊరి పేరు రాసి చూపించింది. ఒక అక్షరానికి తలకట్టు లేదు. పెదనాన్న కాసేపు చూశాడు. ఎడమచేత్తో బలపం తీసుకుని, వణుకుతూ, ఆ తలకట్టు పెట్టాడు. పెట్టి, "ఆఁ" అన్నాడు. అన్ని రోజుల్లో ఆయన ఎవరికోసమో చేసిన మొదటి పని అది.

అద్భుతాలేం జరగలేదు, సినిమా కథ చెప్పట్లేదు నేను. మాట పూర్తిగా తిరిగి రాలేదు. కానీ అవును, కాదు అని నమ్మకంగా చెప్పడం, కాగితం మీద నాలుగు మాటలు రాసి పెడితే కావాల్సింది చూపించడం, అరుగు మీదకొచ్చి నలుగురిలో కూర్చోవడం వచ్చాయి. ఆరు వారాలయ్యాక ఆ అమ్మాయి పోస్టింగు అయిపోయింది. వెళ్ళిపోయింది. ఆ స్థానంలో ఎవరూ రాలేదు. ఆ సంగతి మళ్ళీ చెప్తాను, నా కోపంలో సగం దానిమీదే.

"ఆ అమ్మాయి మంచిది, స్వభావం అలాంటిది, అది నేర్పిస్తే వచ్చేది కాదు" అంటారు చాలామంది. ఇదే అన్నిటికన్నా సోమరి వాదన. స్వభావమైతే అదృష్టం కొద్దీ దొరుకుతుంది. నైపుణ్యమైతే నేర్పొచ్చు, దిద్దొచ్చు, పరీక్షించొచ్చు. ఇది రెండోదే. టొరంటోలోని అఫేసియా ఇన్‌స్టిట్యూట్‌లో ఆరా కేగన్ అనే ఆవిడ ఈ పనిని ఒక పద్ధతిగా తయారుచేసింది. "మీకు తెలుసన్న సంగతి నాకు తెలుసు" అని ఎదుటి మనిషికి అనిపించేలా చెయ్యడం మొదటి మెట్టు. ఆ తెలిసినదాన్ని కాగితం, బొమ్మ, సైగ, అవును-కాదు ప్రశ్న, ఏది పనికొస్తే దాంతో బయటికి తేవడం రెండోది. 2001లో వాళ్ళు అచ్చువేసిన ప్రయోగంలో 20 మంది వాలంటీర్లకి ఈ శిక్షణ ఇచ్చారు, ఇంకో 20 మందికి ఇవ్వలేదు. శిక్షణ పొందినవాళ్ళు బాగా మాట్లాడించగలిగారు, అందులో వింత లేదు. అసలు విశేషం వేరే ఉంది. వాళ్ళతో మాట్లాడిన అఫేసియా మనుషులకి ఏ శిక్షణా ఇవ్వకపోయినా వాళ్ళ సంభాషణ కూడా మెరుగుపడింది. మామూలు వాలంటీర్లకి నేర్పగలిగినది నాలుగేళ్ళు చదివే విద్యార్థులకి నేర్పలేమా? నేర్పాలని లేదు, అంతే.

పోనీ మన దేశంలో ఎవరికీ ఇది తట్టలేదా అంటే, తట్టింది. ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి దృక్పథం, నైతికత, సంభాషణ అని ఒక భాగమే పెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి కుటుంబ దత్తత కార్యక్రమం వచ్చింది. మొదటి ఏడాది నుంచే మెడికల్ విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాల్ని ఎంచుకుని, చదువుతున్నన్నాళ్ళూ వాళ్ళ దగ్గరికి వెళ్తూ ఉండాలి. అది అన్నిచోట్లా సవ్యంగా అమలవుతోందని కాదు, కొన్నిచోట్ల దత్తత అంటే ఒక రోజు బస్సు ప్రయాణం, బోలెడు సెల్ఫీలు. అయినా సూత్రం ఒప్పుకున్నారు కదా! రక్తం, ఎముక చదివేవాడికి మాట్లాడటం నేర్పాలని తెలిసింది. మాటే చదివేవాళ్ళకి మాత్రం "ఎవరైనా మాట్లాడతారు కదండీ" అట.

ఇంకో ప్రశ్న వస్తుంది. నేర్పాలి సరే, క్లినిక్కులోనే నేర్పొచ్చు కదా, ఊళ్ళూ ఇళ్ళూ ఎందుకు? మన భాషలో చెప్తాను. శాంపిల్ డేటా మీద మాత్రమే నడిపి చూసిన ప్రోగ్రాముని మనమెవరం ప్రొడక్షన్‌లో పెట్టం. క్లినిక్కు గది శాంపిల్ డేటా. అక్కడికి రోగి వస్తాడు, విద్యార్థి కుర్చీలో కూర్చుని ఉంటాడు. గది వాళ్ళది, టైము వాళ్ళది, భాష వాళ్ళది. రోగి సగం భయంతో తలూపుతాడు. ఇంటికెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ విద్యార్థే అతిథి. చెప్పులెక్కడ విడవాలో, ఎవరికి ముందు నమస్కారం పెట్టాలో, ఇచ్చిన కాఫీ వద్దంటే ఏమనుకుంటారో చూసుకోవాలి. అలా చూసుకోవడం అలవాటైన మనిషికి తర్వాత క్లినిక్కులో కూడా ఎదుటివాళ్ళు మనుషుల్లా కనబడతారు.

పైగా సమాచారం అంతా ఉండేది ఇంట్లోనే. పిల్లాడికి మాట రాలేదని వచ్చిన తల్లి క్లినిక్కులో ఏం చెప్పదో వినండి. "వస పొయ్యలేదు, అందుకే రాలేదు" అని అత్తగారు రోజూ దెప్పుతుంటుంది. మనవాళ్ళు బాగా వాగేవాళ్ళని వసపిట్ట అంటారు కదా, వస నాకిస్తే మాటలొస్తాయన్నది ఆ పాత నమ్మకం. గ్రహణం మొర్రి పిల్ల పుడితే, కడుపుతో ఉండి గ్రహణం చూసిందని నింద తల్లిమీదే. పేరులోనే నింద ఉంది చూడండి. ఇది ఎదురైనప్పుడు ఏం చెయ్యాలి? "అవన్నీ మూఢనమ్మకాలండీ" అని ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఇంగ్లీషు కలిపి ఉపన్యాసమిస్తే అత్తగారు ఆ తర్వాత గుమ్మం తొక్కనివ్వదు. నోరు మూసుకుని ఊరుకుంటే తల్లి ఆ నింద మోస్తూనే ఉంటుంది. పెద్దావిడ పరువు పోకుండా, తల్లిమీద నింద తీసేసి, పిల్లని ముందుకి తేవాలి. "మీరు ముగ్గుర్ని పెంచారు కదమ్మా, ఈ పిల్లతో ఎక్కువసేపు ఎవరు మాట్లాడతారు?" అని పెద్దావిడనే పనిలో పెట్టాలి. ఇది ఏ స్లైడులో నేర్పుతారు? పక్కన సీనియర్ ఉండగా నాలుగిళ్ళలో దెబ్బలు తిని నేర్చుకోవాల్సిందే.

భాష సంగతి ఇంకా ఉంది. పాఠాలన్నీ ఇంగ్లీషులో. వైద్యం చెయ్యాల్సింది శ్రీకాకుళం తెలుగులోనో, పాలమూరు తెలుగులోనో, ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లాడితోనో, పాతబస్తీ ఉర్దూలోనో. ఒక ఊళ్ళో ఆనపకాయ ఇంకో ఊళ్ళో సొరకాయ. "ఇంకేదో అన్నాడు" అని తప్పు వెయ్యడమా, ఆ ఇంటి మాట తెలుసుకోవడమా? మన గచ్చిబౌలి అపార్టుమెంట్లలో, అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో ఇంకో విడ్డూరం వింటుంటాను. పిల్లాడికి మాట ఆలస్యమైతే "ఇంట్లో తెలుగు మానేసి ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యమయ్యే జబ్బు రాదు, ఇది పరిశోధనల్లో తేలిన విషయం. కానీ ఆ సలహా వల్ల ఏమవుతుంది? ఇంగ్లీషు రాని నాయనమ్మ ఒక్క దెబ్బతో పిల్లాడి జీవితంలోంచి మాయమవుతుంది. అమ్మ కూడా తనకి సహజంగా వచ్చే జోలపాట మానేసి అరకొర వాక్యాలు అప్పజెప్తుంది. ఇళ్ళల్లో పని నేర్చుకున్న థెరపిస్టు ఆ సలహా ఇవ్వదు. నాయనమ్మే ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ గంటలు థెరపీ చేసే మనిషని ఆమె కళ్ళారా చూసి ఉంటుంది కాబట్టి.

కాక్లియర్ ఇంప్లాంటు తీసుకోండి. ఆరోగ్యశ్రీలో పేద పిల్లలకి అంత ఖరీదైన ఆపరేషన్ చేయించిన ఘనత మనదే, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆపరేషన్ గంటల్లో అయిపోతుంది. తర్వాత వినడం, పలకడం నేర్పడం ఏళ్ళ పని. ఆ పని వారానికి ఒకటి రెండు గంటలు క్లినిక్కులో, మిగతా అంతా ఇంట్లో జరుగుతుంది. అంటే థెరపిస్టు నిజంగా శిక్షణ ఇవ్వాల్సింది కూలికెళ్ళి అలసిపోయి వచ్చే తల్లికి. ఆమెతో మాట్లాడటం చేతకాకపోతే లక్షల రూపాయల మిషను పిల్ల చెవి దగ్గర నగలా వేలాడుతుంది.

కాగితం మీద కమ్యూనిటీ పోస్టింగులు లేవని నేననట్లేదు. ఉన్నాయి. మైసూరు సంస్థ పల్లె ఆరోగ్య కేంద్రాల్లో ఔట్‌రీచ్ సేవలు నడుపుతోంది కూడా. నా గొడవ చాలాచోట్ల ఆ పేరుతో జరిగే క్యాంపు గురించి. పొద్దున్నే వ్యానులో దిగుతారు. బడి వరండాలో బల్లలేస్తారు. రెండొందలమంది పిల్లల చెవులు చూస్తారు. బ్యానరు ముందు ఫోటో. "ఇరవై మందికి సమస్య ఉంది, పెద్దాసుపత్రికి వెళ్ళండి" అని చీటీలు రాసిచ్చి భోజనాలు కాగానే వెళ్ళిపోతారు. విద్యార్థి లాగ్ బుక్కులో గంటలు పడతాయి. స్క్రీనింగ్ అవసరమే, కాదనను. కానీ ఆ చీటీ పట్టుకుని ఎంతమంది వెళ్ళారు, ఎందుకు వెళ్ళలేదు అని వెనక్కొచ్చి అడిగే నాథుడుండడు. అక్కడ విద్యార్థి నేర్చుకునేది ఒకటే: మనుషుల్ని త్వరగా దాటెయ్యడం.

మరి ఎలా ఉండాలంటావ్ అంటారా, చెప్తాను. తిట్టడం ఒక్కటే అయితే మనకి ట్విట్టర్ చాలు.

క్యాంపు కాదు, ఒక సెమిస్టరు మొత్తం. ఇద్దరిద్దరు విద్యార్థులు, నాలుగైదు కుటుంబాలు, వారం వారం అదే గుమ్మం. మొదటి రెండుసార్లు థెరపీ నిషేధం, వినడం ఒక్కటే పని. సూపర్‌వైజర్ కొన్నిసార్లు స్వయంగా పక్కన ఉండాలి, మిగతావి కుటుంబం ఒప్పుకుంటే రికార్డు చేసి తర్వాత కలిసి వినాలి. మనం కోడ్ రివ్యూ చేస్తాం కదా, అలా. "ఇక్కడ ఆయన నోరు తెరవబోతుంటే నువ్వు అడ్డొచ్చావు, మూడు సెకన్లు కూడా ఆగలేదు" అని వేలుపెట్టి చూపించాలి. మౌనాన్ని భరించడం ఎంత కష్టమో మీరే చూడండి, ఎవర్నైనా ప్రశ్న అడిగి మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. మార్కుల్లో కొంత వాటా కుటుంబం చేతిలో ఉండాలి. "ఈ అమ్మాయి మీ మాట విందా? మీకు అర్థమయ్యేలా చెప్పిందా?" అన్న రెండు ప్రశ్నలు చాలు. చివరగా, వెళ్ళిపోవడం కూడా నేర్పాలి. ఎన్ని వారాలుంటామో మొదటి రోజే చెప్పాలి, తర్వాతి బ్యాచ్‌ని వెంటబెట్టుకొచ్చి పరిచయం చేసి, చేతిలో చెయ్యి పెట్టి వెళ్ళాలి. మా పెదనాన్న ఆ అమ్మాయి కోసం ఎన్నో గురువారాలు అరుగు మీద కూర్చున్నాడు. హ్యాండోవర్ లేకుండా ప్రాజెక్టు వదిలేస్తే మన మేనేజరు ఊరుకుంటాడా? మనుషుల్ని వదిలేస్తే మాత్రం అడిగేవాడు లేడు.

చోట్లు లేవంటే నేనొప్పుకోను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, అక్కడ మాట, వినికిడి నిపుణుల పోస్టులు నిబంధనల్లోనే ఉన్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకి భవిత కేంద్రాలున్నాయి. ప్రతి ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది. ఏ ఇంట్లో ఎవరికి మాట రావట్లేదో ఆశా కార్యకర్తకి తెలుసు. వృద్ధాశ్రమాలకి కొదవే లేదు. దారి ఉంది, ఆ దారిన కాలేజీ బస్సు నడవట్లేదు.

అభ్యంతరాలు రెండు మూడున్నాయి, అవి కూడా చూసేద్దాం.

"పేదవాళ్ళ మీద ప్రయోగాలా?" అంటారు. న్యాయమైన ప్రశ్న. కానీ ఇప్పుడు జరుగుతున్నదేంటి? విద్యార్థులు నేర్చుకునేది ఉచిత వార్డుల్లోని పేదవాళ్ళ మీదే, పైగా వాళ్ళు కాదనలేని చోట. ఇంటికెళ్తే కనీసం "రేపు రాకమ్మా" అనే హక్కు వాళ్ళ చేతిలో ఉంటుంది. సూపర్‌వైజర్ లేకుండా విద్యార్థిని ఒంటరిగా పంపితే మాత్రం అది మోసమే, దాన్ని నేను సమర్థించను. అలాగే పేదల ఇళ్ళకే ఎందుకు? మన గేటెడ్ కమ్యూనిటీలు కూడా కమ్యూనిటీలే కదా! మన పిల్లల దగ్గరికీ, మన అమ్మానాన్నల దగ్గరికీ కూడా విద్యార్థులు రావాలి. అప్పుడు చూద్దాం మనమెంతమంది తలుపు తీస్తామో.

"ఆడపిల్లలు, ఊళ్ళెంట ఎలా పంపుతాం?" అంటారు. ఈ కోర్సులో ఎక్కువమంది అమ్మాయిలే, భద్రత నిజమైన సమస్యే. అందుకే ఇద్దరిద్దరు, పగటిపూట, కాలేజీ వాహనం, ఊళ్ళో తెలిసిన ఆశా కార్యకర్త తోడు. ఆవిడకి ఆ పనికి డబ్బులివ్వాలి, ఊరికే వాడుకోకూడదు. సమస్యకి ఏర్పాటు చెయ్యాలిగానీ పని మానెయ్యకూడదు.

"నటులతోనో, సిమ్యులేషన్‌తోనో నేర్పొచ్చు కదా?" ఇది మనవాళ్ళకి బాగా నచ్చే ప్రశ్న. ఆస్ట్రేలియాలో ఆరు విశ్వవిద్యాలయాల్లో దీన్ని పరీక్షించారు. ప్రాక్టికల్ పోస్టింగులో దాదాపు ఐదో వంతు సిమ్యులేషన్‌తో భర్తీ చేస్తే విద్యార్థుల సామర్థ్యం తగ్గలేదు. బావుంది, తప్పకుండా చెయ్యండి. మొదటి తప్పులు నటుడి ముందు చెయ్యడమే మంచిది. కానీ ఐదో వంతు అన్నది మర్చిపోకండి. మిగతా నాలుగు వంతులు మనుషుల దగ్గరే గడిపారు వాళ్ళు.

ఇక మన సంగతి. కంపెనీల చట్టం 2013 కింద ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకి ఖర్చుపెట్టాలి. ఆ డబ్బుతో టాబ్లెట్లు పంచితే ఫోటో బాగా వస్తుంది. నా మాట వింటే సూపర్‌వైజర్ జీతాలకి, బస్సు డీజిలుకి, ఆశా కార్యకర్త గౌరవ వేతనానికి ఇవ్వమని మీ కంపెనీలో గొడవ పెట్టండి. ఫోటో రాదు, పని జరుగుతుంది. టెక్నాలజీయే చెయ్యాలని చెయ్యి దురదగా ఉంటే జిల్లాకో రకం తెలుగులో పిల్లల మాటలు, ఇంటి వస్తువుల పేర్లు అనుమతితో సేకరించి అందరికీ ఉచితంగా పెట్టండి. విద్యార్థి వెళ్ళిపోయాక తర్వాతి విద్యార్థికి ఆ కుటుంబం కథ చేరేలా ఒక చిన్న రికార్డు పద్ధతి తయారుచెయ్యండి. చిలక చప్పట్లకన్నా అవి వెయ్యి రెట్లు నయం.

అన్నిటికన్నా ముందు ఇంకో పని, దీనికి పైసా ఖర్చు లేదు. మీ పిల్లాడికోసమో, మీ నాన్నగారికోసమో థెరపీ సెంటరుకి వెళ్ళినప్పుడు మెషిన్లు ఏమున్నాయని అడక్కండి. ఈ వృత్తి చదివించడానికి మీ చెల్లెలికి కాలేజీ చూస్తున్నప్పుడు బిల్డింగు ఎన్నంతస్తులని చూడకండి. ఒక్క ప్రశ్న అడగండి: "మీ విద్యార్థులు చదువు అయ్యేలోపు ఎన్ని ఇళ్ళకి, ఎన్నిసార్లు వెళ్తారు? ఎవరు వెంట ఉంటారు?" పదిమంది తల్లిదండ్రులు అడిగితే ప్రిన్సిపాల్ నవ్వి ఊరుకుంటాడు. వందమంది అడిగితే బ్రోషరులో రాస్తాడు. బ్రోషరులో రాశాక, నిజంగా చేస్తున్నాడా లేదా అని నిలదీయడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది. అక్కడినుంచి మొదలుపెడదాం.